కిర్రుమనే పానా

మా పక్క షెడ్డు మెకానిక్ అన్నయ్య పోయాడని ఫోన్ వచ్చేసరికి నేను అంగన్‌వాడీలో పిల్లలకు ఉడికించిన గుడ్లు ఒలుస్తున్నాను. ఫోన్ చేసింది మా ఆయన. "భాయ్ పోయాడు" అన్నాడు, అంతే. పొద్దున నమాజు చేసుకుని, ఆయాసంగా ఉంది కాసేపు పడుకుంటానని మంచం ఎక్కాడట. వదిన టీ తెచ్చి లేపితే లేవలేదు.

సాయంత్రం లోపే పొదిలిలో మట్టి చేశారు. ఆడవాళ్ళం అక్కడికి వెళ్ళం గనక నేను వదిన పక్కన చాప మీద కూర్చున్నాను. వదిన ఏడవలేదు. "నీళ్ళు కాగాయి, స్నానానికి రమ్మను" అని ఒకసారి అంది. ఎవరితో అందో తెలియదు.

పొదిలి నుంచి ఒంగోలు పోయే దారిలో, మా ఊరికి రోడ్డు చీలేచోట మాకు టీ కొట్టు ఉండేది. దాని పక్కనే ఆయన రేకుల షెడ్డు. ముందు తారు రోడ్డు, వెనక కనుచూపు మేర పత్తి, ఆ పైన మిరప చేలు. నేను పెళ్ళయి ఆ కొట్టుకు వచ్చేనాటికే ఆయన అక్కడ ఉన్నాడు. అంబాసిడర్లు, జీపులు, ఎప్పుడైనా ఒక మారుతి వ్యాను బాగుచేసేవాడు. మసి బట్టలతో మా బల్ల మీద ఎప్పుడూ కూర్చోలేదు. పాత టైరొకటి దొర్లించుకొచ్చి దాని మీద కూర్చుని, టీ సాసర్లో పోసుకుని తాగేవాడు. రంజాన్ నెలలో ఆయన ఎదురుగా టీ తాగడానికి డ్రైవర్లు మొహమాటపడితే, "తాగండయ్యా, ఉపవాసం నాది, మీది కాదుగా" అనేవాడు.

నట్టు ఏదైనా ముందు వేలితోనే ఎక్కించాలనేవాడు. "మర సరిగ్గా కూర్చుందో లేదో వేలికే తెలుస్తుంది. పానాకేం తెలుసు, తిప్పమంటే తిప్పుతుంది." స్పానర్‌ను మావైపు పానా అనే అంటారు. ఆయన పానాలు గోడకు మేకులు కొట్టి వరసగా వేలాడదీసి ఉండేవి. సాయంత్రం షెడ్డు మూసే ముందు ఒక్కొక్కటీ గుడ్డతో తుడిచి దాని మేకుకే తగిలించేవాడు.

తొంభైల చివర్లో ఒకరోజు గుంటూరు నుంచి పనిముట్లు అమ్మే మనిషి మోపెడ్ మీద వచ్చాడు. రేకుపెట్టె తెచ్చి మా బల్ల మీద తెరిచాడు. లోపల తళతళలాడే పానాలు, రాచెట్ పానాలట. చూడ్డానికి మామూలు రింగు పానాల్లాగే ఉన్నాయి గానీ రింగు లోపల సన్నటి పళ్ళున్నాయి. మామూలు పానాతో అయితే నట్టుకు తగిలించి కొంచెం తిప్పి, బయటికి తీసి, మళ్ళీ తగిలించి మళ్ళీ తిప్పాలి. దీన్ని ఒకసారి తగిలిస్తే తీసే పని లేదు. ముందుకు నెడితే నట్టు తిరుగుతుంది, వెనక్కి లాగితే కిర్రుమని పానా ఒక్కటే వస్తుంది.

"చేతికి సగం శ్రమ తప్పుతుందండి. ఇరుకు జాగాల్లో దీనికి మించింది లేదు" అన్నాడు వచ్చినతను.

అన్నయ్య దాన్ని చెవి దగ్గర పెట్టుకుని తిప్పి విన్నాడు. "లోపల పళ్ళు అరిగితే?"

"అరగవండి."

"అరగని పళ్ళెక్కడున్నాయయ్యా? నా నోట్లోనే రెండు పోయాయి."

అందరం నవ్వాం. ఆయన నవ్వలేదు, దాన్ని ఇంకా పరీక్షగా చూస్తూనే ఉన్నాడు. "దీని తల లావుగా ఉంది. కొన్ని చోట్ల దూరదు. తుప్పు పట్టి బిగిసిపోయిన నట్టు మీద బలం పెడితే లోపల పళ్ళు లేచిపోతాయి. పోతే ఇక్కడ బాగుచేసేవాడు లేడు. నేను బళ్ళు బాగుచేసుకోవాలా, పానాలు బాగుచేసుకోవాలా?"

మా ఆయన కల్పించుకున్నాడు. "కొనరాదూ భాయ్. రోజూ మణికట్టు నొప్పి అంటావుగా."

"నొప్పికి తైలం ఉందిలే." పెట్టె మూసి అతని చేతికిచ్చాడు. మోపెడ్ వెళ్ళిపోయాక ఖాళీ గ్లాసు నాకందిస్తూ, "వస్తువు మంచిదే చెల్లెమ్మా. కానీ అంత తొందరేముంది మనకి? నాలుగుసార్లు తగిలిస్తే ఊడని నట్టుందా?" అన్నాడు.

ఆ ఏడాదే పత్తికి పురుగు పట్టింది. ఏ మందుకూ చావలేదు. మందు మీద మందు కొట్టి కొట్టి జనం చేతులు పొక్కిపోయాయి. కాయ పగిలే వేళకు ముసురు పట్టి, ఉన్న కాస్త పత్తీ నల్లబడింది. మా కొట్టుకు వచ్చే రైతులు బల్ల మీద కూర్చుని టీ చల్లారిపోతున్నా తాగేవాళ్ళు కాదు. మామూలుగా ఒరేయ్, ఏరా అని రోడ్డవతలి దాకా వినపడేలా అరుచుకునే మనుషులు, పక్కపక్కన కూర్చుని నేల చూసుకునేవాళ్ళు. ఇవాళ ఫలానా ఊళ్ళో, నిన్న ఫలానా ఊళ్ళో అని కబుర్లు వస్తుండేవి. ఏమిటని ఎవరూ అడిగేవాళ్ళు కాదు, అందరికీ తెలుసు.

ఒక మధ్యాహ్నం, ఒంగోలు బస్సు అలా వెళ్ళిందో లేదో, లోపలి ఊళ్ళ వైపు నుంచి ఒక అంబాసిడర్ దుమ్ము లేపుకుంటూ వచ్చింది. రోడ్డెక్కుతుండగా కింద ధడేల్‌మని చప్పుడైంది. బండి కొంచెం ముందుకు దొర్లి ఆగిపోయింది. వెనక సీట్లో ఒక మనిషి, ముప్పై దాటాయేమో, భార్య ఒళ్ళో తల పెట్టుకుని పడి ఉన్నాడు. ముందు సీట్లో డ్రైవరు పక్కన అతని అన్న. పురుగుమందు తాగాడు. ఊళ్ళో డాక్టరు తన వల్ల కాదు, ఒంగోలు తీసుకుపొమ్మన్నాడట.

అన్నయ్య అప్పటికే రోడ్డు మీద పడుకుని బండి కిందికి చూస్తున్నాడు. "క్రాసు విరిగి షాఫ్టు జారింది" అంటూ లేచాడు. షాఫ్టంటే ఇంజను తిప్పుడును వెనక చక్రాలకు అందించే పొడుగాటి గొట్టం, దాని చివర కీలే క్రాసు. అది పోతే బండి అడుగు కదలదు. "నా షెడ్డు వెనక పాత అంబాసిడర్‌కి మంచి షాఫ్టుంది. అది ఊడదీసి దీనికి బిగిస్తా. అరగంటలో పంపిస్తా మిమ్మల్ని."

"నేను సైకిలేసుకుని పొదిలి పోయి జీపు తెస్తా భాయ్" అన్నాడు మా ఆయన. ఊళ్ళో ఉన్న ఒక్క ఫోనూ వానలకు మూగబోయి ఉంది.

"నువ్వు పోయి, జీపు దొరికి, అది వచ్చేసరికి వీళ్ళు ఒంగోల్లో ఉంటారు. రా, నాకు చెయ్యి సాయం పట్టు."

ఎవరం ఎదురు చెప్పలేదు. ఆయన అరగంట అంటే అరగంటే. అంతకు ముందెప్పుడూ మాట తప్పిన మనిషి కాదు.

బండిని తోసి షెడ్డు నీడలో పెట్టారు. నేను కొట్టు వదిలేసి, తడిగుడ్డ తీసుకుని వెనక డోరు దగ్గర కూర్చున్నాను. మొహం తుడుస్తుంటే ఆ మనిషి ఒకసారి కళ్ళు తెరిచి నన్ను చూశాడు. నన్నే చూశాడో, నా వెనక రోడ్డునే చూశాడో. భార్య చాలా చిన్నపిల్ల. వంగి అతని చెవిలో "అరగంటే. అరగంటే. అరగంటలో బయల్దేరతాం" అని చెప్తూనే ఉంది.

పాత కారు షాఫ్టు ఊడదీయడంతోనే ఆలస్యం మొదలైంది. ఏళ్ళ తరబడి వానకు తడిసి నట్లు పట్టేశాయి. ఎలాగో అవి కదిలాయి. తర్వాత ఈ బండి నట్లు ఊడదీయాలి, తర్వాత మళ్ళీ బిగించాలి. ఊరికే ఊడకుండా పట్టి ఉండే నట్లవి, వేలితో తిరగవు, మొదటి మర నుంచి ఆఖరి మర దాకా పానాతోనే తిప్పాలి. ఆ ఇరుకులో పానా చిటికెన వేలంత దూరం తిరిగి ఇనుముకు కొట్టుకుంటుంది. తీసి మళ్ళీ తగిలించాలి. బండి కింది నుంచి ఆ చప్పుడే వినిపిస్తోంది. టక్. కాసేపు ఏమీ లేదు. టక్. మళ్ళీ ఏమీ లేదు.

"అక్కా, అరగంట అయిందా?" అని ఆ అమ్మాయి నన్నడిగింది. మా గోడ గడియారంలో అరగంట దాటి చాలాసేపైంది. "అయిపోవచ్చిందమ్మా" అన్నాను.

అంతలో తర్వాతి బస్సు వచ్చింది. మా ఆయన ఆపాడు. ఎండలో బస్సు దడదడలాడుతూ నిలబడింది. జనం కిటికీల్లోంచి వంగి చూస్తున్నారు. ఆ మనిషి అన్న పరుగున వచ్చి బండి కిందికి వంగాడు. "ఎక్కించేద్దామా? బస్సొచ్చింది. ఎక్కించేద్దామా?"

"ఒక్క నట్టు!" అని కింది నుంచి కేక. "ఒక్కటే ఉంది. ఆ బస్సు ప్రతి ఊళ్ళో ఆగుతుంది. కారైతే దాన్ని దాటిపోతుంది. ఆగండి!"

అతను మా ఆయన వైపు చూశాడు. మా ఆయన బండి కిందికి చూశాడు. కండక్టరు ఇంకాసేపు చూసి రైట్ అన్నాడు. బస్సు వెళ్ళిపోయింది.

ఆ ఒక్క నట్టు కూడా అయింది. అన్నయ్య బయటికి పాక్కుంటూ వచ్చేసరికి వేళ్ళ కణుపులన్నీ రక్తం. కారు కదిలింది. రోడ్డు మలుపు తిరిగేదాకా ఆయన దాని వెంట పరుగెత్తాడు, ఎందుకో తెలియదు. సాయంత్రం తిరుగు బస్సులో వచ్చిన కండక్టరు, "ఆ కారు రెండో ఊరు దగ్గరే మమ్మల్ని దాటేసిందిలే" అన్నాడు. ఆ మాట విని ఆయన మొహంలో కాస్త వెలుగొచ్చింది. మర్నాడు పొద్దున ఆ కారు డ్రైవరు షెడ్డుకు వచ్చాడు. ఆస్పత్రి మెట్ల దగ్గర దించుతుండగానే ప్రాణం పోయిందట. "కాస్త ముందు తేవాల్సిందన్నారు" అన్నాడు. అని, అనకుండా ఉండాల్సిందని తెలిసి తల దించుకున్నాడు.

పెద్దకర్మ అయిన మర్నాడు అన్నయ్య వాళ్ళ ఊరు బయల్దేరాడు. తోడు రమ్మంటే నేనూ వెళ్ళాను. వాకిట్లో పందిరి ఇంకా తీయలేదు. ఆ అమ్మాయి వసారాలో గోడకానుకుని కూర్చుని ఉంది. అన్నయ్య చెప్పులు బయటే విడిచి ఎండలో నిలబడ్డాడు.

"తల్లీ, నేను..." అని ఆగిపోయాడు.

ఆమె తలెత్తి చూసింది. గుర్తుపట్టింది. "మీరు అరగంట అన్నారు" అంది. తిట్టినట్టు లేదు. జరిగింది చెప్పినట్టే ఉంది. "నేను ఆయనకదే చెప్పా. అరగంటే, అరగంటే అని. ఆయన విన్నాడు. తలూపాడు కూడా."

చనిపోయినతని అన్న చెంబుతో మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. అన్నయ్య చెంబెత్తి మొత్తం తాగేశాడు. వద్దనడానికి నోరు రాలేదేమో. తిరుగు దారిలో పత్తిచేల మధ్య నడుస్తుంటే ఆయన ముందు, నేను వెనక. ఒకచోట ఆగి, పురుగు తిన్న కాయనొకదాన్ని తెంపి, గోటితో చీల్చి చూసి పారేశాడు.

ఆ వారంలోనే గుంటూరు బస్సెక్కి వెళ్ళి రాచెట్ పానాలు కొనుక్కొచ్చాడు. పెట్టె తెస్తాడనుకున్నాను. అంబాసిడర్ షాఫ్టు నట్లకు సరిపోయేది, దాని అటూ ఇటూ సైజులు మాత్రమే తెచ్చాడు. తెచ్చి మాకెవరికీ చూపించలేదు. షెడ్డు వెనక్కి వెళ్ళి, క్రాసు విరిగిన ఆ షాఫ్టునే పాత కారుకు బిగించాడు. బిగించి, "చెల్లెమ్మా, గడియారం చూడు" అని కేకేశాడు.

ముందు మామూలు పానాతో ఊడదీసి బిగించాడు. తర్వాత కొత్తదానితో. మొదట కదిలించడానికి మామూలు పానానే వాడాల్సి వచ్చింది. కదిలాక కొత్తది పెడితే కిర్రు కిర్రుమంటూ నట్టు చకచకా దిగింది. ఒక నట్టు దగ్గర మాత్రం తల లావై దూరలేదు, ఆయన మొదట్లో అన్నట్టే.

"ఎంతైంది?"

"తగ్గిందన్నయ్యా. కొద్ది నిమిషాలు తగ్గింది."

"అంతేనా?" అన్నాడు బండి కింది నుంచి.

ఆ అంతేనాలో ఊరట ఉందో, ఏముందో నాకు తెలియలేదు. మర్నాడు మళ్ళీ చేశాడు. ఆ మర్నాడూ చేశాడు. బాగుచేయాల్సిన బళ్ళు షెడ్డు ముందు నిలబడే ఉన్నాయి. వెనక నుంచి కిర్రు కిర్రుమనే ఆ చప్పుడు వింటుంటే నాకు వంట మీద మనసు నిలిచేది కాదు. చివరికి మా ఆయన వెళ్ళి ఆయన కాళ్ళు పట్టుకుని బయటికి లాగినంత పని చేశాడు.

"ఇక చాలు భాయ్. ఆ కొద్ది నిమిషాల్లో అతను బతికేవాడు కాదు."

"కాదని నీకెలా తెలుసు?"

"బతికేవాడని నీకెలా తెలుసు?"

అన్నయ్య పానా నేల మీద పెట్టాడు. "పానా సంగతి కాదురా. జీపు తెస్తానన్న నిన్ను ఆపాను. వచ్చి ఆగిన బస్సును పోనిచ్చాను. నా పని మీద నాకంత నమ్మకం. ఏ పానా కొంటే పోతుంది అది?"

నేను టీ తెచ్చి పక్కన పెట్టాను. అది అలాగే చల్లారిపోయింది.

ఆ తర్వాత ఆయన ఎవరికీ టైము చెప్పలేదు. "ఎప్పటికవుతుంది భాయ్?" అని ఎవరడిగినా, "అయినప్పుడు చెప్తా" అనేవాడు. బండిలో మనుషులుంటే పానా ముట్టేవాడు కాదు. ముందు రోడ్డు మీదికి వెళ్ళి, బస్సో లారీయో ట్రాక్టరో ఆపి, వాళ్ళను ఎక్కించి, అప్పుడు వచ్చి బండి కింద దూరేవాడు. ఊరికే చుట్టాలింటికి పోయేవాళ్ళయినా సరే. ట్యాక్సీవాళ్ళు గోల పెట్టేవాళ్ళు. "బేరం పోగొడుతున్నావు భాయ్, పది నిమిషాల పనికి కూడా మనుషుల్ని దించేస్తే ఎలా?" అనేవాళ్ళు. కొందరు పొదిలిలో వేరే షెడ్డుకు మారిపోయారు. అక్కడ ఇప్పుడే, ఇప్పుడే అని చెప్పి కూర్చోబెట్టేవాళ్ళట. అన్నయ్య షెడ్డులో మేకులకు వేలాడే పానాలు కొన్నాళ్ళు కదలకుండా ఉండిపోవడం నేను చూశాను.

ఆ రాచెట్ పానాలు మాత్రం పారేయలేదు, దాచనూ లేదు. రోజూ వాడేవాడు. తోటి మెకానిక్కులు, సొంత కార్లున్నవాళ్ళు వాటిని చూసి కొనొచ్చా అని అడిగేవాళ్ళు. అందరికీ ఓపికగా చెప్పేవాడు. "రోజూ బళ్ళ కింద పడుకునేవాడివైతే కొను. సెట్టంతా వద్దు, నీకు ఎక్కువ తగిలే సైజులే కొను. పట్టేసిన నట్టు మీద ముందు దీన్ని పెట్టకు. మామూలు రింగుతో కదిలించి అప్పుడు పెట్టు. ఆఖరి బిగింపు కూడా మామూలుదానితోనే. దుమ్ము పోకుండా గుడ్డలో చుట్టి పెట్టుకో. ఎప్పుడో ఒకసారి బానెట్ ఎత్తేవాడివైతే నీకు దండగ." వాళ్ళు వెళ్ళబోతుంటే ఒక మాట తప్పకుండా అనేవాడు. "అది నీ మణికట్టును కాపాడుతుంది. అంతవరకే. అంతకు మించి దాని దగ్గర ఏమీ ఆశించకు."

ఆ అమ్మాయి పొలం కౌలుకిచ్చేసి, గుంటూరు వెళ్ళి మిరపకాయలకు తొడిమలు తీసే పనిలో చేరిందని తర్వాత తెలిసింది. ఆ వైపు వాళ్ళెవరు టీకి వచ్చినా అన్నయ్య ఆమె సంగతి అడిగేవాడు. ఒకరెవరో, కాయ ఘాటుకు దగ్గు పట్టుకుందట, చిక్కిపోయిందట అన్నారు. ఆయన సాసర్లో పోసుకున్న టీ మళ్ళీ గ్లాసులోకి వంచేసి లేచి వెళ్ళిపోయాడు. తర్వాత ఆమె ఏమైందో మాకెవరికీ తెలియలేదు. వదినకు ఈ కథంతా తెలుసు. ఇద్దరూ దాని గురించి ఎప్పుడూ మాట్లాడుకోలేదట. చాప మీద కూర్చున్న ఆ రోజు వదినే చెప్పింది నాకు.

రోడ్డు వెడల్పు చేసినప్పుడు మా కొట్టు పోయింది. నాకు అంగన్‌వాడీలో పని దొరికింది, మా ఆయన ఆటో కొనుక్కున్నాడు. అన్నయ్య షెడ్డును నాలుగడుగులు వెనక్కి జరుపుకుని అక్కడే ఉండిపోయాడు. కొత్త రకం కార్లు వచ్చాయి, వాటి జోలికి పోలేదు. ఆయాసం మొదలైంది. మానేయమని వదిన పోరేది. మేమూ చెప్పాం. "ఇంట్లో కూర్చుని ఏం చేయను చెల్లెమ్మా, పైకప్పు చూస్తూ?" అన్నాడు.

ఆయన్ని ఆఖరిసారి చూసింది మొన్న ఎండాకాలంలో. మీటింగుకని ఒంగోలు బస్సులో వెళ్తున్నాను. మా పాత కొట్టు ఉండిన చోటికి రాగానే బస్సు కీచుమని ఆగింది. రోడ్డు మధ్యలో రెండు చేతులూ పైకెత్తి ఆయన నిలబడి ఉన్నాడు. గళ్ళ లుంగీ, మసి బనియను, గడ్డం తెల్లగా. షెడ్డు ముందు ఒక పాత కారు ఆగి ఉంది. అందులోంచి దిగిన ఒక ముసలామె, చంటిపిల్లతో ఒక ఆడమనిషి బస్సెక్కారు. "ఈయనొకడు, దోవన పోయే బస్సల్లా ఆపుతాడు" అని కండక్టరు విసుక్కున్నాడు. అన్నయ్య వాళ్ళ సంచీ, నీళ్ళ క్యాను అందించి, ముసలామె చెయ్యి పట్టుకుని మెట్టెక్కించాడు. నేను లేచి "అన్నయ్యా" అని పిలిచాను. హారను మోతలో వినపడలేదు. బస్సు కదిలింది.

వెనక అద్దం దగ్గరికి వెళ్ళి చూశాను. ఆయన ఒక చేత్తో నడుము పట్టుకుని కారు దాకా నడిచాడు. నేల మీద గోనెపట్టా పరిచాడు. మెల్లగా కూర్చున్నాడు, పడుకున్నాడు, భుజాలతో వెనక్కి జరుగుతూ కారు కిందికి వెళ్ళిపోయాడు. దుమ్ములో రెండు పాదాలు మాత్రం బయట కనిపిస్తున్నాయి. మడమలు పగిలి, వేళ్ళు ఆకాశం వైపు, ఎండలో.